నీలం చొక్కాకు సరిపడా డోనట్లు

మా అత్తకు రెండు మాటలు వింటే ఒళ్ళు మండుతుంది. ఒకటి "తగినంత". రెండోది "వదులు". మొదటిదాని మీద కోపం ఆమెకు పుట్టుకతోనే వచ్చిందనుకుంటాను. రెండోదాని మీద కోపం మామయ్య జబ్బుతో వచ్చింది.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతోంది. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కిటికీ పక్కన కుట్టుమిషను, ఎదురుగా నిలువుటద్దం, మూలన కొలతలు చూసుకోవడానికి ఒక పరదా, గోడకు కొట్టిన మేకు. ఆ మేకు టేపు తగిలించడానికి కొట్టిందే గానీ, టేపు ఎప్పుడూ అత్త మెడలోనే ఉంటుంది. మా అక్క పెళ్ళిలో తీసిన ప్రతి ఫొటోలోనూ అత్త మెడలో నగలతో పాటు ఆ టేపు కూడా ఉంది. ఎవరూ చెప్పలేదేమని తర్వాత మా అందరినీ పట్టుకుని దులిపేసింది.

బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు "కాస్త వదులుగా కుట్టండి" అన్నారంటే అయిపోయారన్నమాటే. "కాస్త అంటే అరంగుళమా, ముప్పావంగుళమా? కాస్తనేది నా టేపు మీద లేదు" అంటుంది. అంత మాట పడి కూడా మళ్ళీ ఆమె దగ్గరికే వస్తారు. అత్త కుట్టిన జాకెట్టు చిరిగితే బట్ట చిరగాలి గానీ కుట్టు తెగదు. నేను బడిలో లెక్కలు చెబుతాను, అదే ఇంటి పైవాటాలో ఉంటాను. కొలతల విషయంలో నాకంటే ఆవిడే పెద్ద లెక్కల టీచరని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మామయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. నోట్లో నాలుక లేని మనిషని బయటివాళ్ళు అనుకుంటారు. ఉంది. అత్త ఊపిరి తీసుకునే సందు చూసి ఒక మాట వేస్తాడు, మళ్ళీ ఏమీ ఎరగనట్టు పేపరు చదువుకుంటాడు. ఈ మనిషికి ఏడాది కిందట దగ్గు పట్టుకుంది. మొదట వాన నీళ్ళన్నారు, తర్వాత దుమ్మన్నారు, ఆ తర్వాత ఇంకేదో అన్నారు. ఒక్కో ఆస్పత్రికీ చెప్పులరిగేలా తిరిగాం. చివరికి ఒక డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించింది.

"ఊపిరితిత్తిలో ఈ ముక్క పాడైపోయింది. తీసేస్తే మనిషి దక్కుతారు. కానీ నలభై నాలుగు కిలోల మనిషిని నేను కొయ్యలేను, తట్టుకోలేరు. యాభైకి తీసుకురండి. మందులతో మూడు నెలలు ఆపుతాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

"ఏం పెట్టమంటారు?" అంది అత్త.

"ఏది తింటే అది పెట్టండి."

"ఎంత పెట్టాలి?"

"తగినంత."

నేను గబుక్కున అత్త మోచెయ్యి పట్టుకున్నాను. లేకపోతే ఆ రోజు ఆ గదిలో ఏం జరిగేదో చెప్పలేను. అత్త పళ్ళు బిగబట్టి, ఫైలు చంకలో పెట్టుకుని, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. "ఆరు కిలోలు. మూడు నెలలు. ఇది కొలత. ఇలా చెబితే అర్థమవుతుంది" అంది. ఎవరితో అందో తెలియదు, మొహం మాత్రం గోడకేసి ఉంది.

ఆరు కిలోలు కాదు కదా, ఆరు ముద్దలు కూడా మామయ్య లోపలికి పోవడం లేదు. ఏది పెట్టినా సబ్బులా ఉందనేవాడు. సూపు చేస్తే రెండు చెంచాలు. గుడ్డు పెడితే తెల్లసొన తిని పచ్చసొన పళ్ళెం అంచుకి తోసేవాడు. పాలు చల్లారి మీగడ కట్టేదాకా అలా చూస్తూ కూర్చునేవాడు. అత్త తిట్టింది, బతిమాలింది, ఒకరోజు పళ్ళెం ఆయన ముందు పెట్టి అలిగి పక్కగదిలోకి వెళ్ళిపోయింది. ఆయన కూడా పళ్ళెం పట్టుకుని ఆ గదిలోకే వెళ్ళాడు. "నువ్వు తినలేదు కదా, ఇదిగో" అన్నాడు. ఇక ఆయన్ని ఏమని తిట్టాలి?

ఆయనకొక నీలం చొక్కా ఉంది. పని మీద వేసుకునేది. జబ్బు మొదలవడానికి నెల ముందే అత్త కొత్తగా కుట్టింది. ఇంట్లో పడి ఉన్నా ఆయన అదే తొడుక్కునేవాడు, అది వేసుకుంటే పనిలో ఉన్నట్టుంటుందనేవాడు. ఏడాదిలో ఆ చొక్కాను అత్త మూడుసార్లు చిన్నది చేసింది. "ఏమోయ్, వదులైంది" అని ఆయన మెల్లగా అనేవాడు. అత్త చొక్కా తిరగేసి రెండు పక్కలా ఒక మడత వేసి కుట్టేది. మూడోసారి కుడుతుంటే నేనక్కడే ఉన్నాను. లోపల మడత మీద మడత, నాలుగు వేళ్ళ వెడల్పున బట్ట పేరుకుంది.

"అదంతా కత్తిరించేస్తే సాపుగా ఉంటుంది కదా అత్తా? ఆయనకి ఒరుసుకుంటుందేమో" అన్నాను.

"నీ లెక్కలేవో నువ్వు చూసుకో" అని కసిరింది.

నాకూ కోపమొచ్చింది. మంచి చెబితే ఇంతే ఈ ఇంట్లో అనుకుంటూ మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాను. రెండు రోజులు కిందికి దిగలేదు. ఆ రెండు రోజులకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మూడో రోజు మధ్యాహ్నం మనసాగక దిగాను. అత్త ముందుగదిలో ఎవరికో కొలతలు తీస్తోంది. నేను మామయ్య మంచం పక్కన కూర్చుని, "నిజం చెప్పండి మామయ్యా. ఏది కళ్ళ ముందు పెడితే తింటారు?" అన్నాను.

ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసి, దొంగలా గొంతు తగ్గించాడు. "డోనట్. చాక్లెట్‌ది."

"డోనటా?"

"మా వర్క్‌షాప్ వెనక ఒక బేకరీ ఉండేది. శుక్రవారం శుక్రవారం ఒకటి. పదకొండేళ్ళు తిన్నా. మీ అత్తకి చెప్పకే. దానికి తెలీదు."

ముందుగదిలో కొలతలు చెప్పుకుంటున్న గొంతు ఆగింది. "శుక్రవారం చొక్కాకి జేబు కింద చాక్లెట్ మరక ఉంటే, ఉతికింది ఎవరనుకున్నారు?" అంది అత్త. పరదా వెనక ఉన్నావిడ కిసుక్కున నవ్వడం వినిపించింది. మామయ్య దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

ఆ బేకరీ మూతపడి రెండేళ్ళయింది. అదే షట్టరు కింద ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. నేను కాళ్ళకు బలపం కట్టుకుని ఊళ్ళో దొరికిన డోనట్లన్నీ తెచ్చాను. నాలుగు దుకాణాలవి, నాలుగు రకాలు. ఒక్కోదాన్నీ ఒక్క కొరుకు కొరికి, నమిలి, పళ్ళెంలో పెట్టేసి "ఇది కాదే" అన్నాడు. నాలుగోది కూడా కాదన్నాక అత్త టేపు మెడలో సర్దుకుంది.

"నేను చేస్తా" అంది.

నేను నవ్వాను. ఎందుకు నవ్వనూ? బట్ట దగ్గర దారప్పోగంత తేడా ఒప్పుకోని ఆ మనిషికి వంటంటే పని మధ్యలో చేసే పని. కుక్కరు పెట్టి మిషను తొక్కుకుంటూ ఈలలు లెక్కపెట్టే రకం. అలాంటిది ఈస్ట్ వేసి పిండి పొంగించి, గుండ్రాలు కోసి, నూనెలో వేయించి, పైన చాక్లెట్ పూయడమా అని నవ్వాను. నా నవ్వును ఆవిడ పట్టించుకోలేదు. ఒక పాత వారపత్రికలోంచి కత్తిరించిన కాగితం నా చేతిలో పెట్టి చదవమంది.

చదివాను. ఈస్ట్ రెండు చెంచాలు, గోరువెచ్చని పాలు ఒక గ్లాసు, గుడ్డు ఒకటి, వెన్న, చక్కెర, కోకో పొడి, చిటికెడు ఉప్పు. ఆ తర్వాత, "మైదా తగినంత, వేయించడానికి నూనె తగినంత."

"తగినంత! ఎవడు రాశాడే ఇది? వాడి చొక్కా నేను తగినంత కుడితే వేసుకుంటాడా?" అంది. కాసేపు ఆ రచయిత ఎవరో, ఆయన ఏడు తరాలవాళ్ళూ ఆ వంటింట్లో నిలబడి తిట్లు తిన్నారు.

మొదటిసారి అత్త డోనట్ చేసిన పద్ధతి జన్మలో మరిచిపోను. ముందు మామయ్యను అడిగి సైజు తెలుసుకుంది. ఆయన గాల్లో వేళ్ళతో చూపించాడు, ఆవిడ ఆ వేళ్ళ మధ్య టేపు పెట్టింది. మూడున్నర అంగుళాలు, నడుమ చిల్లు అంగుళం. చొక్కాకు చేసినట్టే కాగితం మీద సుద్దతో గీసి నమూనా కత్తిరించుకుంది. పిండి కలిపింది. చేతికి అంటుకుంటోందని మైదా వేసింది, ఇంకా అంటుకుంటోందని ఇంకా వేసింది. వదులుగా ఉన్నదేదైనా బిగించకపోతే ఆవిడ చెయ్యి ఊరుకోదు. చపాతీ కర్రతో అరంగుళం మందాన వత్తి, నమూనా పెట్టి, కత్తితో కోసింది.

అప్పుడు చూశాను, చిల్లు మరీ చిన్నగా ఉంది. మందు సీసా మూతతో కూడా కాదు, పెన్ను క్యాపుతో పొడిచినంత.

"అంగుళం అన్నారు కదా అత్తా?"

"కుట్టుకి వదలొద్దూ?" అంది, నా తెలివితక్కువతనానికి జాలిపడుతూ. "మెడ గుండ్రం ఎప్పుడూ కావలసినదానికంటే చిన్నగా కత్తిరించాలే. మడిచి కుట్టాక అదే పెద్దదవుతుంది."

లెక్కల టీచరునై ఉండి నాకు కూడా ఆ క్షణంలో అది సరిగ్గానే ఉందనిపించింది.

నూనెలో వేశాక అవి ఉబ్బాయి. చిల్లులన్నీ పూడుకుపోయాయి. తీసి, చాక్లెట్ పూసి, పళ్ళెంలో పెట్టి మామయ్య ముందుంచితే ఆయన ఒకదాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది డోనట్ కాదోయ్. బొత్తాం" అన్నాడు. "కాజా ఎక్కడ పెట్టావు?"

అని తన మాటకు తానే నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు పెరిగింది, అత్త పరుగెత్తి వీపు రాసింది. దగ్గు తగ్గగానే మళ్ళీ నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన నవ్వు విని ఎన్ని నెలలయిందో నాకు అప్పుడు తెలిసింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పడీ పడీ నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. అబద్ధమెందుకు, బాగా ఏడ్చాను.

నడుమ పచ్చిపిండి. అయినా ఆయన అంచుల చుట్టూ కొరుక్కుని తిన్నాడు. ఆ వారంలో ఆయన ఒక్కసారిగా తిన్నది అదే ఎక్కువ. అత్త మిగిలిన నడిమి ముక్కను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బట్ట కుడితే తగ్గుతుంది. ఇది వేయిస్తే పెరుగుతోంది. అంతా తిరకాసు" అంది.

తర్వాతిసారి చిల్లు సరిచేసింది. మామయ్య దగ్గు మందు సీసా మూతను వేణ్ణీళ్ళలో మరిగించి దానితోనే చిల్లు కోసింది. ఆకారం వచ్చింది. కానీ డోనట్ గట్టిగా, పళ్ళకు పని చెప్పేలా ఉంది. మూడోసారీ అంతే, నాలుగోసారీ అంతే. మామయ్య ఒక్కోటి సగం తిని, "రుచి దగ్గరికొచ్చిందోయ్, మెత్తదనం రాలేదు" అనేవాడు. మూడు నెలల్లో మూడు వారాలు అయిపోయాయి. ఇంట్లో బరువు చూసే మిషను లేదు. అత్తకు దాని అవసరం కూడా లేదు. ప్రతి ఆదివారం మామయ్యను అద్దం ముందు నిలబెట్టి ఛాతీ, నడుము, దండచెయ్యి కొలిచి, కొలతల పుస్తకంలో ఆయన పేరు మీద ఒక పేజీ తెరిచి రాసేది. మూడు ఆదివారాలూ ఒకే అంకెలు. "పెరగలేదు. తగ్గనూ లేదు" అనేది పైకి. పెన్సిలు మాత్రం కాగితాన్ని చింపేలా నొక్కేది.

ఇలా కాదని ఆ బేకరీలో భట్టీ దగ్గర పనిచేసిన పెద్దాయన కోసం వాకబు చేశాను. ఆయన ఇప్పుడు రెండు వీధుల అవతల ఒక బ్యాంకు ముందు స్టూలు వేసుకుని కాపలా కాస్తున్నాడు. సంగతి చెప్పగానే, "ఆయనా? లిఫ్టు సారు? శుక్రవారం మూడున్నరకి వచ్చి, వెనక మెట్ల మీద కూర్చుని, తిన్నాక మూతి తుడుచుకుని మరీ వెళ్ళేవారు" అన్నాడు. తన సెలవు రోజున వస్తానన్నాడు. వచ్చాడు.

గుమ్మంలో అడుగుపెట్టగానే అత్త కళ్ళు ఆయన కాళ్ళ మీద పడ్డాయి. యూనిఫారం ప్యాంటు పొడవెక్కువై అడుగున రెండు మడతలు పెట్టుకున్నాడు.

"ముందు ఆ ప్యాంటు విప్పండన్నయ్యా" అంది.

ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోబోయాడు. "కురచ చేసి ఇస్తానంటోంది, భయపడకండి" అని లోపలినుంచి మామయ్య అరిచాడు. పావుగంటలో ఆ ప్యాంటు సరిగ్గా మడమ మీద నిలిచేలా చేసి ఇచ్చాకే అత్త ఆయన్ని వంటింట్లోకి రానిచ్చింది.

ఆయన పిండిని వేలితో నొక్కి చూసి తలడ్డంగా ఊపాడు.

"ఇంత బిగించేశావేంటి చెల్లెమ్మా? వదులుగా ఉండాలి."

అత్త మొహం మాడిపోయింది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ అనం. ఆయనకు తెలియదు కదా, చెప్పుకుంటూ పోయాడు. "చేతికి అంటుకుంటుందని భయపడి పిండి వెయ్యకూడదు. అంటుకోనీ. వదులుగా ఉంటేనే లోపల గాలి నిలబడుతుంది, పెరగడానికి చోటుంటుంది. బిగించేస్తే ఎటు పెరుగుతుంది పాపం?"

అత్త కూడా వేలితో నొక్కి చూసింది. పిండి వైపు చూస్తూ నిలబడింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఎంత వదులు?"

"తగినంత."

నేను కళ్ళు మూసుకున్నాను.

"తగినంత అంటే ఎంత అన్నయ్యా?" అంది అత్త. నేను ఎన్నడూ వినని గొంతుతో, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

ఆయన కాస్త ఆలోచించి తన చెవి తమ్మెను రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. "ఇదిగో, ఇంత. నీది పట్టుకుని చూడు. పిండి కూడా అలా తగలాలి."

అత్త తన చెవి పట్టుకుంది. పిండి పట్టుకుంది. మళ్ళీ చెవి పట్టుకుంది. "అదీ! అలా చెప్పండి. ఇది కొలత" అంది. ఆమె చెవులు కుట్టించుకుని, దుద్దులు బరువై, తమ్మెలు సాగిపోయాయి కాబట్టి అవి పనికిరావని అప్పటికప్పుడు తేల్చేసింది. అప్పట్నుంచి కొలమానం నా చెవి. పొద్దున్నే పైకొచ్చి, పిండి చేత్తో నా ఎడమ చెవి పట్టుకుని నొక్కి చూసి దిగిపోయేది. ఆ రోజుల్లో చెవికి మైదాతో బడికి వెళ్ళి పిల్లల చేత ఎన్నిసార్లు నవ్వించుకున్నానో లెక్క లేదు.

పెద్దాయన ఇంకో సంగతి చెప్పాడు. కోకో కలిపిన పిండి ముందే నల్లగా ఉంటుంది, వేగి రంగు మారిందో లేదో కంటికి తెలియదు. చెవితో వినాలి. నూనెలో వెయ్యగానే గోల గోల చేస్తుంది, ఆ గోల గుసగుసలోకి దిగగానే తిప్పాలి. ఇది అత్తకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. మిషను చప్పుడు వినే పక్కగదిలోంచి దారం బిగుసుకుందో, సూది మొద్దుబారిందో చెప్పగల మనిషి. మూకుడు ముందు కళ్ళు మూసుకుని నిలబడేది. ఆ సమయంలో నేను గిన్నె పక్కన పెట్టినా "ష్" అని కసిరేది.

ఇక ఆ వంటింట్లో పని ఒక పద్ధతిలో పడింది. పాలు గోరువెచ్చగా కాచి ఈస్ట్ వేసి నురగ వచ్చేదాకా ఆగడం. పిండిని పావుగంట మర్దించి, పైన లైనింగు గుడ్డ కప్పి, అప్పుడే ఇస్త్రీ చేసిన బల్ల మీద, ఆ వెచ్చదనం తగిలేలా గంటసేపు ఉంచడం. అరంగుళం మందాన వత్తి కోశాక ఒక్కోదాన్నీ చదరంగా కత్తిరించిన చిన్న కాగితం మీద పెట్టి మళ్ళీ అరగంట వదిలేయడం. చేత్తో ఎత్తితే గాలి పోయి నలిగిపోతాయి, అందుకని కాగితంతో సహా నూనె దాకా మోసి మెల్లగా జార్చేది. వేయించే ముందు మామయ్య గది తలుపు మూసి, కింద సందులో తడి తువ్వాలు దోపేది. పొగ ఆయన దగ్గరికి ఒక్క పోగు కూడా వెళ్ళకూడదు. చాక్లెట్‌ను వెన్నతో కరిగించి, కాస్త పాలు, ఒక చెంచా కాఫీ, ఉప్పు రవ్వంత వేసి, డోనట్ ఇంకా వెచ్చగా ఉండగానే ఒక పక్క ముంచి తీసేది. ఆరాక ఆ పైపూత శాటిన్ బట్టలా మెరిసేది.

వదులుగా కలిపిన పిండితో చేసిన మొదటిదాన్ని మామయ్య కొరికి, నమిలి, కళ్ళు మూసుకున్నాడు.

"శుక్రవారం మూడున్నర" అన్నాడు.

మొత్తం తిన్నాడు. వేళ్ళు నాకాడు. అలవాటు కొద్దీ మూతి తుడుచుకుని, తుడుచుకున్న చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "దాచుకోనక్కర్లేదు లెండి" అంది అత్త. అని వెంటనే వెనక్కి తిరిగి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. ఆ గిన్నెలు అప్పటికే కడిగినవి.

డోనట్‌తోనే ఆరు కిలోలు వస్తాయని నేను చెప్పను. దాని వెనకాల మిగతా తిండి వచ్చింది. డోనట్ కావాలంటే ముందు గుడ్డు మొత్తం తినాలి, పచ్చసొనతో సహా. రెండోది కావాలంటే గ్లాసుడు పాలు. ఆ బేరాలు అత్త ఎంత కచ్చితంగా చేసేదంటే, మామయ్య ఒక్కోసారి "ఇంతకంటే లిఫ్టులో ఇరుక్కున్నవాణ్ణి బయటికి తియ్యడం సులువు" అని గొణిగేవాడు. రోజు విడిచి రోజు పిండి కలిసేది. ఆదివారం టేపు మీద అంకె పావంగుళం, అరంగుళం కదిలేది. అలా కదిలిన రోజు అత్త వచ్చినవాళ్ళను ఒక్క మాట కూడా అనేది కాదు. జబ్బేమైనా చేసిందా అని వాళ్ళే నన్ను అడిగేవాళ్ళు.

తొమ్మిదో వారం జ్వరం వచ్చింది. ఐదు రోజులు. గొంతు దిగింది మంచినీళ్ళే. ఆదివారం నడుము చుట్టూ టేపు వేస్తే అంగుళమున్నర వెనక్కి పోయింది. "వదులైందా?" అన్నాడు మామయ్య, అద్దంలో ఆమెనే చూస్తూ. అత్త టేపు మెడలో వేసుకుంది. పుస్తకంలో అంకె రాసి వంటింట్లోకి వెళ్ళింది. నేను వెళ్ళేసరికి పిండి పిసుకుతూ ఏడుస్తోంది. కన్నీళ్ళు తుడుచుకుందామంటే రెండు చేతులూ పిండిలో ఉన్నాయి. నేను కొంగుతో తుడిచాను.

"ఇంకా మూడు వారాలుందత్తా."

"తెలుసు. చెవి ఇలా ఇవ్వు" అంది ముక్కు ఎగబీలుస్తూ. నొక్కి చూసింది. "ఇంకొంచెం వదులు కావాలి" అని పాలు పోసింది. ఆ మాటను తన నోటితో తానుగా అనడం అదే మొదటిసారి.

గడువు ఆఖరి రోజు పొద్దున్న ఆస్పత్రికి బయల్దేరుతున్నాం. ఆటో వాకిట్లో ఉంది. నేను ఫైలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మామయ్య అద్దం ముందు నీలం చొక్కా తొడుక్కుంటున్నాడు. పొట్ట దగ్గర బొత్తాం పెట్టుకోబోయి ఆగాడు. ఊపిరి లోపలికి పీల్చి మళ్ళీ ప్రయత్నించాడు. విసుక్కున్నాడు.

"ఏమోయ్, చొక్కా బిగుతుగా ఉంది."

అత్త తాళాలు వెతుకుతున్నదల్లా ఆగిపోయింది. "ఏమన్నారు?"

"బిగుతుగా ఉందంటున్నా. బొత్తాం పట్టట్లేదు. ఏం కుట్టావో ఏమో."

ముప్పై ఏళ్ళలో అత్త కుట్టుకు ఎవరైనా వంక పెడితే ఊరుకుందా? ఆ రోజు ఊరుకుంది. "మళ్ళీ అనండి" అంది.

"బిగుతు!" అని కేకేశాడు ఆయన, చెముడేమో అనుకుని.

అత్త అక్కడే నేల మీద కూలబడి చొక్కా విప్పించి తిరగేసింది. బ్లేడు తీసి, చివరగా వేసిన కుట్టును రెండు పక్కలా సర్రున విప్పేసింది. ఆటోవాడు హారను కొడుతున్నాడు, కొట్టనీ అంది. విప్పిన చోట మడతలో నెలల తరబడి ఎండ తగలని బట్ట బయటపడింది. మిగతా చొక్కా వెలిసిపోయింది, ఆ చార మాత్రం ముదురు నీలం. అత్త దాని మీద చెయ్యి వేసి సాపు చేస్తూ తలెత్తి నా వైపు చూసింది. కత్తిరించెయ్యమన్నది నేనే.

ఆస్పత్రిలో తూకం ముల్లు యాభై దాటి ఇంకో అరకిలో దగ్గర ఆగింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి మామయ్యను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏం పెట్టారమ్మా?"

"చాక్లెట్ డోనట్లు."

"ఎన్ని?"

"తగినన్ని" అంది మా అత్త.

ఆపరేషన్ అయింది. నాలుగు గంటలు బయట బల్ల మీద కూర్చున్నాం. అత్త ఆ నాలుగు గంటలూ టేపును వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. తర్వాత రెండు నెలలకు రెండో కుట్టు విప్పింది. మూడోది మొన్ననే. కొత్త చొక్కా కుడతానంటే మామయ్య వద్దన్నాడు.

ఇప్పుడు అదే చొక్కాతో పనికి వెళ్తున్నాడు. రెండు చంకల కింద నుంచి నడుము దాకా మూడేసి చారలు, ఒకదాని పక్కన ఒకటి, చివరిది అన్నిటికంటే ముదురు. లిఫ్టులో ఎక్కినవాళ్ళు చూసి అడుగుతుంటారట, ఏమిటండీ ఈ చారలు, ఇది కొత్త ఫ్యాషనా అని.

"ఇవా?" అంటాడట మామయ్య, ఒక్కోదాని మీదా వేలు పెట్టి చూపిస్తూ. "ఇవి డోనట్లు."